సగమే నాది

నాకు దొరికిన ఉద్యోగానికి వాళ్ళు అడిగిన అర్హత, ఏళ్ళ తరబడి నేను నలుగురికీ తెలియకుండా దాచిపెట్టుకున్న సంగతే. మనసు బాగోలేని బిడ్డని పెంచి ఉండాలి. ఆ బిడ్డ కోసం డాక్టర్ల చుట్టూ, స్కూలు చుట్టూ తిరిగి, ఇన్సూరెన్స్ వాళ్ళు ఫోనులో వినిపించే సంగీతం గంటల కొద్దీ విని ఉండాలి. టెక్సాస్‌లో ఈ పని చేసేవాళ్ళని ఫ్యామిలీ పార్ట్‌నర్ అంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రాల్లో పిల్లలకి వైద్యం జరుగుతుంటే, ఆ పిల్లల తల్లిదండ్రులకి తోడుండే మనిషి. డాక్టరు కాదు, కౌన్సెలరూ కాదు. జబ్బుకి పేరు పెట్టకూడదు, ఫలానా మందు వాడమనకూడదు. "నేనూ ఈ దారినే వచ్చాను" అనగలగడమే చదువు. దానికీ క్లాసులున్నాయి, పరీక్ష ఉంది, గోడకి తగిలించుకోవడానికి సర్టిఫికెట్టూ ఉంది.

తెనాలికి ఫోన్ చేసి ఈ మాట చెబితే మా అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే, మన కష్టం చెప్పుకున్నందుకు వాళ్ళు జీతం ఇస్తారుటే?" అంది. అవునన్నాను. "మరి పిల్ల సంగతి ఊరందరికీ తెలిసిపోదూ?" అంది. మొదటి ప్రశ్నకి ఇద్దరం నవ్వుకున్నాం. రెండోదానికి మాత్రం నేను ఇప్పటికీ సమాధానం చెబుతూనే ఉన్నాను, అమ్మకి కాదు, నాకు నేనే.

జీతం సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి, దాని గురించి ఎక్కువ అడక్కండి.

క్లాసుల్లో ముందుగా నేర్పింది వినడం. 2023లో ఇక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థ సామ్సా, ఇలాంటి తోడు పనివాళ్ళ సర్టిఫికెట్లకి దేశమంతటికీ నమూనాగా కొన్ని ప్రమాణాలు ప్రకటించింది. శిక్షణ 40 నుంచి 60 గంటలుంటే చాలంది. అందులో ఎంత భాగం ఊరికే వినడానికి పోతుందో చూస్తే మనవాళ్ళు ఫీజు వెనక్కి అడుగుతారు. ముగ్గురేసి చొప్పున కూర్చోబెడతారు. ఒకరు కష్టంలో ఉన్న తల్లి, ఇంకొకరు తోడు మనిషి, మూడో వ్యక్తి కాగితం, పెన్నూ పట్టుకుని చూస్తుంటారు. తోడు మనిషి నోట "మీరు ఇలా చెయ్యండి" అన్న మాట వచ్చినప్పుడల్లా ఆ కాగితం మీద ఒక గీత పడుతుంది. మా ముగ్గురిలో ఒకావిడ మనవణ్ణి పెంచుతున్న మెక్సికన్ బామ్మ. ఒకాయన సైన్యంలో పనిచేసి వచ్చిన తండ్రి. మూడో మనిషిని నేను. బామ్మగారి కాగితం శుభ్రంగా ఉండేది. సలహా ఇవ్వకుండా ఐదు నిమిషాలు గడపడం తెలుగు మనిషికి ఏకాదశి ఉపవాసం కన్నా కష్టం. తలనొప్పి అని ఎవరైనా నోరు విప్పితే చాలు, శొంఠి అని ఒకరు, కళ్ళజోడు అని ఒకరు, దిష్టి అని ఇంకొకరు. పిల్ల అన్నం మానేసి గదిలో తలుపేసుకుంది అంటే ఇక చెప్పేదేముంది!

అయితే నన్ను నిజంగా కుదిపింది ఇంకో పాఠం. దాన్ని వాళ్ళు స్ట్రాటజిక్ షేరింగ్ అంటారు. మన కథలో ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎందుకు చెప్పాలి అన్న లెక్క. ఒక మధ్యాహ్నం అందరినీ ఎవరి కథ వాళ్ళని రాయమన్నారు. రాశాం. కొందరు ఏడుస్తూ రాశారు. రాయడం అయ్యాక పాఠం చెప్పే ఆవిడ అందరికీ ఎర్ర పెన్నులు పంచి, "ఇందులో మీ బిడ్డకి చెందినవన్నీ కొట్టేయండి" అంది.

జబ్బు పేరు కొట్టేశాను. అది నాది కాదు కదా. ఏ వయసులో బయటపడిందో కొట్టేశాను. ఆస్పత్రి, ఆస్పత్రిలో గడిచిన రాత్రులు, తను నాతో అన్న మాటలు, తను రాసుకున్న పుస్తకంలో నేను చూసిన వాక్యం, వాడిన మందులు. పేజీ ఎర్రబడింది. మిగిలినవి ఇవి: పార్కింగ్‌లో కారులో కూర్చుని స్టార్ట్ చెయ్యలేకపోవడం. అత్తగారితో "టైఫాయిడ్" అని చెప్పడం. మా ఆయనా నేనూ ఒకరితో ఒకరం పప్పు, ఉప్పు గురించి తప్ప మాట్లాడుకోకుండా గడిపిన ఒక చలికాలం. రాత్రి మెలకువ వచ్చి తలుపు సందులోంచి వెలుతురు కనిపిస్తోందా అని చూడటం. ఇంతే. నా జీవితాన్ని తలకిందులు చేసిన సంగతిలో నా వాటా కొన్ని పంక్తులే అని తెలిసి ముందు కాస్త కోపం వచ్చింది. నేను పడ్డది పడలేదా? తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, ఇంకో తల్లికి పనికొచ్చేవి ఆ కొన్ని పంక్తులే అని అర్థమైంది. ఎదురుగా కూర్చున్న మనిషికి నా కూతురి జబ్బు వివరాలతో పనిలేదు. ఆవిడ కొడుకు జబ్బు వేరు, వాడు వేరు. కారు స్టార్ట్ చెయ్యలేకపోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే.

తల్లిదండ్రుల మాటకి ఇంత విలువ ఊరికే రాలేదు. ఒకప్పుడు ఈ దేశంలోనే బిడ్డకి మతి చెడిందంటే ముందు తల్లిని నిలబెట్టేవారు. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మానసిక వైద్యురాలు, స్కిజోఫ్రీనియాని కలిగించే తల్లులుంటారని రాసింది. ఆటిజానికి కారణం తల్లిలో వెచ్చదనం లేకపోవడమే అన్నారు ఇంకొందరు. వాళ్ళకి "రిఫ్రిజిరేటర్ తల్లులు" అని పేరు కూడా పెట్టారు. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో అచ్చువేసిన 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్'తో ఆ నింద ఇంటింటికీ చేరింది. దాన్ని శాస్త్రంతో ఎదుర్కొన్నవాడు బెర్నార్డ్ రిమ్‌లాండ్. ఆయన మనస్తత్వశాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుకుకి తండ్రి. 1964లోనే పుస్తకం రాసి, ఇది పెంపకంలో లోపం కాదు, శరీరంలో సంగతి అని వాదించాడు. మన ఇళ్ళల్లో ఇంకా ఆ వాదన మొదలే కాలేదు. "నువ్వు ఉద్యోగానికి వెళ్ళడం వల్లే" అనే మాట అట్లాంటిక్ దాటి వాట్సాప్‌లో రోజూ వస్తుంది.

1979లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో కొన్ని కుటుంబాలు చేరి నామీ అనే సంఘం పెట్టుకున్నాయి. వాళ్ళలో ఎక్కువమందికి పెద్దయిన బిడ్డల గొడవ. చిన్నపిల్లల సంగతి పట్టించుకున్నవాళ్ళు లేరు. 1982లో జేన్ నిట్జర్ 'అన్‌క్లెయిమ్‌డ్ చిల్డ్రన్' అనే నివేదికలో, తీవ్రమైన ఇబ్బంది ఉన్న దాదాపు 30 లక్షల మంది పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి అందాల్సిన సాయం అందడం లేదని తేల్చింది. 1989లో పిల్లల తల్లిదండ్రులు తమకంటూ వేరే సమాఖ్య కట్టుకున్నారు. 2007లో ప్రభుత్వ వైద్య బీమా మెడికెయిడ్, జబ్బుని అనుభవించినవాళ్ళు ఇచ్చే తోడుకి డబ్బు చెల్లించవచ్చని రాష్ట్రాలకి ఉత్తరం రాసింది. 2013లో ఆ మాటని పిల్లల తల్లిదండ్రులకిచ్చే తోడుకీ వర్తింపజేసింది. నిందితుల బోను నుంచి జీతాల పట్టీ దాకా రావడానికి ఆ తల్లులకి అంత కాలం పట్టింది.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చే మనిషి క్లారా క్లైబోర్న్ పార్క్. ఇంగ్లీషు పాఠాలు చెప్పే పంతులమ్మ. బెటెల్‌హైమ్ పుస్తకం వచ్చిన 1967లోనే, ఆటిజం ఉన్న తన చిన్న కూతురి గురించి 'ది సీజ్' రాసింది. బిడ్డని గమనించి, ఓపిగ్గా, ఎవరినీ ఆడిపోసుకోకుండా రాసిన పుస్తకం. అందులో కూతురి పేరు ఎల్లీ. అసలు పేరు అది కాదు. 2001లో రెండో పుస్తకం 'ఎగ్జిటింగ్ నిర్వాణ' వచ్చేనాటికి ఆ పిల్ల పెద్దదై, ఉద్యోగం చేస్తూ, బొమ్మలు గీస్తూ నలుగురికీ తెలిసిన చిత్రకారిణి అయింది. అప్పుడు తల్లి అసలు పేరు రాసింది: జెస్సీ. మొదటి పుస్తకంలో పేరు దాచినా బిడ్డ బాల్యమంతా అచ్చులో ఉంది. అందువల్ల ఎన్ని ఇళ్ళల్లో దీపం వెలిగిందో! అయినా సరే, ఆ పుస్తకం చదువుతున్నప్పుడు నాకు ఇప్పటికీ ఒక పేజీకి ఆనందం, ఇంకో పేజీకి సంకోచం. పసిపిల్లని అడిగి రాయడం కుదరదు. అడగకుండా రాయడం సబబా? క్లారా పార్క్ రాయకుండా ఉండాల్సింది అని మాత్రం నేను అనలేను. ఆవిడ రాసింది కాబట్టే నాలాంటివాళ్ళు కాస్త తక్కువ రాసి సరిపెట్టుకోగలుగుతున్నాం.

ఇక నా పని. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఏ కిరాణా కొట్టుకెళ్ళినా గోంగూర, తెలుగూ దొరుకుతాయి. అందుకని తెలుగు ఇల్లు అనగానే నన్ను పంపుతారు. ఇక్కడ నేను చెప్పే కుటుంబం ఏ ఒక్క కుటుంబమూ కాదు. నలుగురైదుగురివి కలిపాను. ఎవరైనా తమని తాము పోల్చుకుంటే అది నా చేత కాదు, మన ఇళ్ళన్నీ ఒకేలా ఉండటం చేత.

తలుపు తియ్యగానే ముందు నా మెడలో మంగళసూత్రం, తర్వాత చేతిలో ఫైలు చూస్తారు. "కాఫీ తాగుతారా అక్కా?" అని తల్లి అంటుంది. తండ్రి ల్యాప్‌టాప్ మూయకుండా పక్కన కూర్చుంటాడు. మామ్మగారు ఇండియా నుంచి వచ్చి ఉంటారు, సోఫా చివర కూర్చుని జపమాల తిప్పుతూ ప్రతి మాటా వింటారు. మొదటి రోజే నేనొక చేదు సంగతి చెప్పాలి. మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ పిల్లకి హాని జరుగుతోందనిపిస్తే దాచను. టెక్సాస్‌లో అది నా ఒక్కదాని బాధ్యతే కాదు, పిల్లల్ని హింసిస్తున్నారని అనుమానం వచ్చిన ప్రతి మనిషీ చట్టప్రకారం తెలియజేయాల్సిందే. ఈ మాట వినగానే తండ్రి ల్యాప్‌టాప్ మూస్తాడు. అప్పటిదాకా పెట్టుకున్న భయాలన్నీ అప్పుడు బయటికొస్తాయి. రికార్డుల్లోకి ఎక్కితే గ్రీన్‌కార్డుకి అడ్డం వస్తుందా? ఉద్యోగం పోతే ఇన్సూరెన్సూ పోతుంది కదా, మందులెలా? రేపు పెళ్ళికి? కొన్నాళ్ళు విజయవాడ పంపించేస్తే? ఇమిగ్రేషన్ సంగతి లాయర్ని అడగాలి, నన్ను కాదు అంటాను. మిగతా భయాలకి జవాబు చెప్పను. "ఈ నాలుగింట్లో రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఏది?" అని అడుగుతాను. ఒక తండ్రి చాలాసేపు ఆలోచించి, వీటిల్లో ఏదీ కాదన్నాడు. పిల్ల తనతో మాట్లాడి నాలుగు నెలలైందట.

చెయ్యగలిగిన పనులు చిన్నవి. స్కూలుకి ఉత్తరం రాయించడం వాటిలో ఒకటి. కౌన్సెలర్‌తో వరండాలో మాట్లాడితే లెక్కలోకి రాదు. ప్రత్యేక విద్యకి పరీక్షించమని తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే టెక్సాస్ స్కూలు, బడి నడిచే 15 రోజుల్లో జవాబివ్వాలి. తల్లిదండ్రులు సంతకం పెట్టాక బడి నడిచే 45 రోజుల్లో పరీక్షలు ముగించాలి. తర్వాత జరిగే సమావేశాన్ని ఆర్డ్ మీటింగ్ అంటారు. బల్లకి అవతల ప్రిన్సిపాలు, టీచర్లు, పరీక్షించిన నిపుణురాలు. ఇవతల తల్లి ఒక్కతే, పట్టుచీరకి తక్కువ చుడీదార్‌కి ఎక్కువ అనిపించే డ్రెస్సులో, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టడానికి సిద్ధంగా. పక్క కుర్చీలో నేను కూర్చుంటాను. నేను మాట్లాడను. ముందురోజు రాత్రి ఇద్దరం కలిసి కాగితం మీద రాసుకున్న మూడు ప్రశ్నలున్నాయి. ఆవిడ తడబడితే ఆ కాగితం ఆవిడ వైపు జరుపుతాను. నా ఉద్యోగమంతా ఆ కాగితం జరపడమే అంటే మా ఆయన నమ్మడు.

ఇంకో పని మందుల పెట్టె. ఆ సంగతి నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. పిల్లకి ప్రాణాపాయపు ఆలోచనలున్నాయని డాక్టర్ చెబితే ఇంట్లో మందులన్నీ తాళం పెట్టమంటారు. తల్లి అప్పటికే బాత్‌రూమ్ అలమారు ఖాళీ చేసి, జ్వరం మాత్రల సీసాతో సహా పెట్టెలో పెట్టి ఉంటుంది. మామ్మగారి గదిలో మాత్రం ఎవరూ చూడరు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆరు నెలలకి సరిపడా బీపీ, షుగరు, నిద్ర మాత్రలు అట్టలు అట్టలుగా తెచ్చుకుని జిప్ సంచిలో, మంచం పక్కన, వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టుకుని ఉంటారు. ఆవిణ్ణి అడగటానికి కోడలికి నోరు రాదు. ఒక ఇంట్లో నేనే వెళ్ళి మామ్మగారి పక్కన కూర్చున్నాను. ఆవిడ అంతా విని, లేచి, సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఆ తాళంచెవి నా కొంగుకే కడతాను. పొద్దున్నే అందరికీ నేనే ఇస్తాను" అన్నారు. ఇంట్లో ఆ జబ్బు గురించి పెద్దావిడ నోరు విప్పి మాట్లాడటం అదే మొదటిసారని కోడలు తర్వాత చెప్పింది.

ఇంత దగ్గరయ్యాక ఆ ప్రశ్న రాక తప్పదు. కాఫీ గ్లాసులు తీస్తూనో, గుమ్మం దాకా సాగనంపుతూనో, గొంతు తగ్గించి, "మీ పాపకి ఏమైంది అక్కా? ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయిందా?" ఆవిడకి కావలసింది నా కూతురి సమాచారం కాదని నాకు తెలుసు. ముందున్న దారి చివర ఏముందో ఎవరో ఒకరు చూసి వచ్చి చెప్పాలి. ఆ చెప్పే మనిషిని నేనే. కానీ చూపించమంటున్నది నా కూతుర్ని. పైగా మనలో మనకి దాపరికమేమిటి? ఒకరు తమ గుట్టు చెప్పాక ఎదుటివాళ్ళు చెప్పకపోతే మన దగ్గర అది పొగరు. అమెరికన్ తోటివాళ్ళు "అది తన కథ, తననే చెప్పుకోనిస్తాను" అని నవ్వేసి కారెక్కుతారు. తెలుగింటి గుమ్మంలో ఆ వాక్యం చెల్లదు. నేను ఇంకోలా నేర్చుకున్నాను. "నేను పార్కింగ్‌లో కారు స్టార్ట్ చెయ్యలేకపోయిన రోజులున్నాయి" అంటాను. "ఇప్పుడు చేస్తున్నాను" అంటాను. చాలామంది ఆ రెండో మాటని అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోనివాళ్ళు వెనకాల నన్ను ఏమనుకుంటారో ఊహించగలను.

మా అమ్మాయిని అడిగే ఈ ఉద్యోగంలో చేరాను. అప్పటికి తను ఇలాంటి విషయాలకి అవునో కాదో చెప్పగల వయసుకి వచ్చింది. రెండు రోజులు ఆలోచించుకుని షరతు చెప్పింది. "నువ్వు ఏడ్చింది చెప్పుకో అమ్మా. నేను ఏడ్చింది చెప్పకు." ఎర్ర పెన్ను పాఠం నాకు అప్పటికింకా చెప్పలేదు. తను తెలుగు చదవలేదు కాబట్టి ఈ వ్యాసాన్ని కూడా చదివి వినిపించాను. ఒక పేరా తీసేయమంది. బాగా రాసిన పేరా అది. ఏం చేస్తాం, ఇచ్చేశాను.

మన దేశంలో 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2022 అక్టోబర్ 10 నుంచి టెలీ మానస్ సహాయవాణి 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతున్నారు. తల్లిదండ్రులకి తల్లిదండ్రులే తోడు అనే పనికి మాత్రం సర్టిఫికెట్లూ పరీక్షలూ అక్కర్లేదేమో అనిపిస్తుంది ఒక్కోసారి. ఒకసారి హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఒకరికి తోడుగా వెళ్ళాను. సినిమాల్లో జోకులకి తప్ప ఎవరూ పేరెత్తని ఆ ఆస్పత్రిలో, ఓపీ ముందు బెంచీల మీద ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు: ఈ మాత్ర వేసుకుంటే నోరు ఎండుతుంది, మజ్జిగ తాగించు. మధ్యాహ్నం వస్తే పెద్ద డాక్టరుండడు. సర్టిఫికెట్ లేకుండా వందలమంది ఈ పని చేసేస్తున్నారు. కాకపోతే పక్కన కూర్చున్న పిల్ల తల వంచుకుని, తన సంగతులన్నీ బెంచీ దాటి వరుస చివరిదాకా వెళ్ళడం వింటోంది. ఆ పిల్లకి ఒక ఎర్ర పెన్ను ఇవ్వాలనిపించింది.

డాలస్‌లో నాకు ఆ బెంచీ ఉగాది వేడుకలో ఎదురవుతుంది. నేను పనిచేసిన ఇళ్ళవాళ్ళు అక్కడికి వస్తారు. బయట కనిపిస్తే నేను ముందుగా పలకరించకూడదన్నది మా నియమం. వాళ్ళు పలకరిస్తే సరే, లేకపోతే పరాయివాళ్ళమే. మొన్నటి ఉగాదికి ఒకావిడ పులిహోర ప్లేటుతో సరిగ్గా నా ఎదురుగా వచ్చింది. ఆవిడ వంటింట్లో ఏ డబ్బాలో ఏముంటుందో నాకు తెలుసు. పక్కనే కూతురు, పరికిణీ కట్టుకుని, ఫోను చూసుకుంటూ. ఆవిడ చూపు నా ముఖం మీంచి అలా జారి వెనకున్న స్టేజీ మీదికి పోయింది. బాగా నేర్చుకుంది అనుకున్నాను.

నా స్నేహితురాలు మోచేత్తో పొడిచింది. "ఆవిడ మీ వైపే ఉంటుందిటగా, ఆ అమ్మాయి ఏదో ఏడాదిపాటు స్కూలుకే వెళ్ళలేదుట. నీకు తెలుసా వాళ్ళు?"

"తెలీదు," అన్నాను. "పులిహోర ఎక్కడ పెడుతున్నారో అడుగుదాం పద."